డెల్టా నేలల్లో పెద్ద చక్రాలు

తారు రోడ్డు దిగి తిరిగే వాహనానికి కంపెనీ బిగించి పంపిన చక్రాలు తీసేసి, అంతకంటే ఎత్తయినవో వెడల్పయినవో వేయించడం ప్రపంచమంతటా ఉన్న అలవాటే. పత్రికల్లో దీన్ని జీపుల మోజుగానే ఎక్కువగా రాస్తారు. గుంటూరు జిల్లా తెనాలి మండలంలోని కొలకలూరు నుంచి అటు బాపట్ల, ఇటు రేపల్లె వరకు ఉన్న పల్లెల్లో మాత్రం చక్రాలు మార్చడం ఏటా వచ్చే సేద్యపు పని. కాలువలకు నీళ్లు వదిలాక, నాట్లకు ముందు మడిని అడుసుగా కలియదున్నే దమ్ము మొదలయ్యే రోజుల్లో ట్రాక్టరు వెనక టైర్ల పక్కనో, వాటి స్థానంలోనో ఇనుప దమ్ము చక్రాలు ఎక్కుతాయి. నాట్లు పూర్తయ్యాక దిగుతాయి. వీటినే కేజ్ వీల్స్ అని కూడా అంటారు. చక్రం పెద్దదైతే నేలతో వచ్చిన చిక్కు ఒకటి తీరుతుంది. అందుకు చెల్లించాల్సింది మాత్రం గేర్ల మీదో, ఇరుసు మీదో, ఊరి రోడ్డు మీదో పడుతుంది. మోజు మీద చేసినా అవసరం కొద్దీ చేసినా ఈ లెక్క మారదు.

నేల

విజయవాడ దగ్గర కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. కుడి గట్టున సీతానగరం దగ్గర బయలుదేరే ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర చీలి కొమ్మమూరు, నిజాంపట్నం వంటి కాలువలుగా సముద్రం వైపు సాగుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. నేలకు ఆ సరిహద్దుతో పని లేదు. తెనాలి చుట్టూ బరువైన నల్లరేగడి. రేపల్లె దాటి నది ముఖం వైపు వెళ్లే కొద్దీ ఉప్పుదేరిన బంకమన్ను. బాపట్ల పక్కన సూర్యలంక తీరం దాకా ఇసుక. ఒక్క పూటలో తిరిగి రాగల దూరంలో మూడు రకాల నేలలున్న ఈ ప్రాంతం చక్రాల గురించి చెప్పుకోవడానికి బాగా సరిపోతుంది. వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల బాపట్లలోనే ఉండడం కాకతాళీయమే కావచ్చు గానీ, చక్రానికీ నేలకూ ఉన్న సంబంధం ఆ చదువులో ఒక ముఖ్య భాగం.

ఆ సంబంధాన్ని శాస్త్రంగా నిలబెట్టిన వారిలో పోలండ్‌లో పుట్టి కెనడాలోనూ తర్వాత అమెరికాలోనూ పనిచేసిన ఎం. జి. బెకర్ ముఖ్యుడు. ఆయన ‘థియరీ ఆఫ్ ల్యాండ్ లోకోమోషన్’ 1956లో వెలువడింది. సారాంశం ఇది: నేల చక్రానికి ఇచ్చే పట్టు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, మట్టి కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే బంక. ఈ పట్టు చక్రం నేలను తాకే విస్తీర్ణాన్ని బట్టి పెరుగుతుంది. రెండోది, కణాల మధ్య రాపిడి. ఇది చక్రం మీద పడే బరువును బట్టి పెరుగుతుంది. నీరు నిండిన రేగడిలో రాపిడి దాదాపు ఉండదు, మిగిలేది బంకే. పొడి ఇసుకలో బంక ఉండదు, మిగిలేది రాపిడే.

ఈ రెండు మాటల్లోంచి తెనాలికీ బాపట్లకీ తేడా మొత్తం వస్తుంది. మెట్ట దుక్కిలో లాగుడు చాలకపోతే ట్రాక్టరు వెనక టైర్లలో నీళ్లు నింపుతారు, చక్రాలకు పోత ఇనుప బిళ్లలు బిగిస్తారు. అదే పని కొలకలూరు మాగాణిలో దమ్ము రోజున చేస్తే పట్టు పెరగదు, బండి ఇంకొంచెం దిగబడుతుంది. అక్కడ బరువు పెంచకుండా విస్తీర్ణం పెంచాలి. పైపులు, పట్టీలతో బోలుగా కట్టిన దమ్ము చక్రం చేసే పని ఇదే.

విస్తీర్ణాన్ని పెంచడానికి కూడా రెండు దారులున్నాయి: చక్రాన్ని వెడల్పు చేయడం, ఎత్తు చేయడం. ఎత్తయిన చక్రం నేలను పొడుగ్గా తాకుతుంది. వెడల్పయినది అడ్డంగా తాకుతుంది. రెంటి విస్తీర్ణమూ ఒకటే అయినా మెత్తటి నేలలో పొడుగ్గా తాకే చక్రమే మేలు. ముందున్న బురదను తోసుకుంటూ పోవాల్సిన ముఖం దానికి సన్నగా ఉంటుంది. గట్టో బోదో ఎక్కేటప్పుడు కూడా పెద్ద వ్యాసం ఉన్న చక్రానికి మెట్టు చిన్నదవుతుంది. మన కర్ర చక్రాల ఎద్దు బండిని చూడండి: ఆకులు, పూటీలు పొడుగ్గా పెట్టి, చుట్టూ ఇనుప పట్టా వేసిన ఆ చక్రం మనిషి రొమ్ము దాకా వచ్చేది. డొంకల్లో వర్షాకాలపు గాళ్లు దాటడానికి వడ్రంగులకు దొరికిన సమాధానం ఆ ఎత్తే. తర్వాత వచ్చిన రబ్బరు టైర్ల బండికి చక్రం చిన్నదైంది; గాలి టైరు మెత్తదనం, వెడల్పు ఆ లోటును చాలావరకు పూడ్చాయి.

దమ్ము చక్రం

ట్రాక్టర్లు పుట్టినప్పుడు వాటికి ఇనుప చక్రాలే ఉండేవి. 1932లో అమెరికాలో ఆలిస్-చామర్స్ సంస్థ తన మోడల్ యు ట్రాక్టరుకు గాలి టైర్లు వేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ మొదటి ప్రయోగాల్లో విమానాల టైర్లనే వాడారు. పదేళ్లు తిరిగేసరికి ఇనుప చక్రం అక్కడ పాతకాలపు వస్తువైపోయింది. ప్రపంచం పక్కన పెట్టిన ఇనుప చక్రాన్ని వరి మడి మళ్లీ పిలుచుకుంది.

దీని నిర్మాణం సాదాగా ఉంటుంది. రెండు మూడు ఇనుప వలయాలు, వాటిని కలుపుతూ అడ్డంగా వెల్డింగు చేసిన యాంగిల్ పట్టీలు, నడుమ ట్రాక్టరు హబ్బుకో డిస్కుకో బోల్టులతో బిగించే పళ్లెం. పట్టీల మధ్య ఖాళీలోంచి అడుసు కిందికి జారిపోతుంది కాబట్టి టైరు గట్ల మధ్య బురద పూడుకుని నున్నగా తయారయ్యే బాధ దీనికి తక్కువ. అంతేకాక నడుస్తూనే మట్టిని కలియబెడుతుంది. వెనక రోటవేటరో చదును పలకో ఉన్నా, దమ్ములో సగం పని చక్రమే చేస్తుందని డ్రైవర్లు అంటే అందులో అతిశయం పెద్దగా లేదు.

నిండు చక్రాలు, అర చక్రాలు అని రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. నిండు చక్రం టైరును పూర్తిగా తీసేసి ఆ చోట బిగించేది. అర చక్రం టైరు పక్కన, బయటి వైపు తోడుగా నిలిచేది. సరిగ్గా చేసిన అర చక్రం వ్యాసం టైరు కంటే కొంచెం తక్కువ. గట్టి నేల మీద బరువు టైరు మీదే ఉంటుంది; టైరు నాలుగు వేళ్లు దిగబడగానే పట్టీలు పని అందుకుంటాయి. ఇవ్వాళ కొలకలూరులో, రేపు పక్క ఊళ్లో అన్నట్టు ఎకరాల లెక్కన కిరాయికి తిరిగే ట్రాక్టరుకు అర చక్రమే అనువు. దానికీ ఒక ఇబ్బంది ఉంది. బరువు పడే చోటు ఇరుసు చివరికి, ఇంకా బయటికి జరుగుతుంది. ఇరుసు మీద వంపు బలం పెరిగి బేరింగులు, సీళ్లు ముందుగా పోతాయి. మడి మూలల్లో బిగువుగా తిప్పే అలవాటున్న చోట ఈ అరుగుదల మరీ త్వరగా కనిపిస్తుంది.

ఇనుము వద్దనుకునే వారికి రబ్బరులోనే ఒక దారి ఉంది. మామూలు ట్రాక్టరు వెనక టైరు గట్లు ఆర్-1 తరగతివి. వరి, చెరకు పొలాల కోసం చేసే ఆర్-2 టైరు గట్లు దాదాపు రెండింతలు లోతు. బురదలో అది బాగా పట్టుకుంటుంది. తారు రోడ్డు మీద ట్రక్కు లాగితే మాత్రం ఆ పొడవాటి గట్లు అటూ ఇటూ ఊగి, వేడెక్కి, తొందరగా అరిగిపోతాయి. డెల్టాలో ట్రాక్టరు ఏడాదిలో ఎక్కువ కాలం రోడ్డు మీదే బతుకుతుంది: ధాన్యం బస్తాలు, ఇటుక, ఇసుక, గడ్డి. నాలుగు వారాల దమ్ము కోసం ఏడాదంతా ఆర్-2 మీద తిరగడం గిట్టుబాటు కాదు. తీసి పెట్టగల ఇనుప చక్రం గెలిచింది ఇందుకే అని నా అభిప్రాయం.

అడుగు పట్టే చక్రం, తేలే చక్రం

ఏళ్ల తరబడి దమ్ము చేసిన మాగాణిలో పైన అడుసు ఎంత మెత్తగా ఉన్నా, దాని కింద కాళ్లూ చక్రాలూ తొక్కి తొక్కి గట్టిపడ్డ పొర ఒకటి ఉంటుంది. నీరు ఇంకకుండా నిలిపేది ఆ పొరే. మడిలో తిరిగే యంత్రం ఈ పొర విషయంలో రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి: పైన తేలాలి, లేదంటే దిగి ఆ పొర మీద నిలబడాలి.

వరి నాటు యంత్రం రెండో దారి పట్టింది. దాని చక్రాలు ఎత్తుగా, చాలా సన్నగా, రబ్బరు రెక్కలతో ఉంటాయి. అడుసును కోసుకుంటూ దిగి, గట్టి పొర మీద నిలబడి నడుస్తాయి; సన్నగా ఉన్నందున నాటిన సాళ్లను పెద్దగా కదిలించవు. పైరు నిలబడ్డాక మందు కొట్టే ఎత్తయిన యంత్రాలదీ ఇదే పద్ధతి. చక్రాన్ని పెద్దది చేయడమంటే వెడల్పు పెంచడమే అనుకునేవారు వీటిని ఒకసారి చూడాలి. ఇక్కడ ఎత్తు పెరిగింది, వెడల్పు తగ్గింది.

కోత మిషన్ పూర్తిగా అవతలి కొస. ధాన్యం తొట్టి నిండిన యంత్రం టన్నుల బరువుంటుంది. ఆ బరువుతో కిందికి దిగితే పొర నిలవదు. మడి తడిగా ఉంటే టైర్ల మిషన్ వదిలి చైన్ మిషన్ పిలుస్తారు. రబ్బరు పట్టాల మీద నడిచే ఆ యంత్రం బరువును పొడుగ్గా పరిచి నేల మీద ఒత్తిడిని టైరు పెట్టే ఒత్తిడిలో చిన్న వంతుకు తగ్గిస్తుంది. చక్రాన్ని ఎంత పెద్దది చేసినా పట్టా పరుచుకునే విస్తీర్ణానికి చేరదు. అలా చూస్తే పెద్ద చక్రానికి సహజమైన ముగింపు గొలుసు పట్టానే. కిరాయి తేడా కూడా ఆ మేరకే ఉంటుంది. సార్వా వరి కోతకు ముందే మడిలో మినుము చల్లే ఆనవాయితీ ఉన్న ఈ ప్రాంతంలో చక్రాల గాళ్లకు ఇంకో నష్టం ఉంది: గాడి పడిన చోట నీరు నిలిచి మినుము మొలవదు.

టైరు మీది అంకెలు

దమ్ము చక్రం కాక, ఏడాది పొడుగునా ఉండే టైరునే పెద్దది వేయించాలనుకుంటే అంకెలతో పని పడుతుంది. మన దేశంలో 35 నుంచి 45 అశ్వశక్తి ట్రాక్టర్లకు వెనక 13.6–28 టైరు మామూలు. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. అదే 28 అంగుళాల లెక్కలో పై మెట్టు 14.9–28, ఆ పైది 16.9–28. మొదటి దాని నిండు వ్యాసం సుమారు 1,310 మిల్లీమీటర్లు, రెండోది 1,365, మూడోది 1,435.

13.6 తీసి 14.9 వేస్తే వ్యాసం 55 మి.మీ. పెరుగుతుంది. ఇరుసు లేచేది అందులో సగం, అంటే అంగుళం పైచిలుకు. ఎత్తు కోసమే ఈ మార్పు చేయాలనుకునే వారికి ఇది నిరాశే. అదే సమయంలో ప్రతి గేరులో వేగం 4 శాతం పెరుగుతుంది, లాగుడు అంతే తగ్గుతుంది. 16.9కి వెళితే తేడా తొమ్మిదిన్నర శాతం. దమ్ముకు కావలసింది నింపాది గేరు. పెద్ద టైరు దాన్నే వేగంగా మార్చేస్తుంది. రోటవేటరును తిప్పే పీటీఓ షాఫ్టు వేగం ఇంజను మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ట్రాక్టరు ముందుకు ఎక్కువ జరిగిన మేర మన్ను ముతకగా పడుతుంది. దీనికి తోడు వెడల్పయిన టైరుకు తగిన రిమ్ము, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య చోటు చూసుకోవాలి. చాలకపోతే డిస్కు తిరగేసి చక్రాల ఎడం పెంచుతారు.

ముందు చక్రాలను జనం పట్టించుకోరు. రెండు చక్రాలతో లాగే ట్రాక్టరుకు ముందు సాధారణంగా 6.00–16 టైర్లు. మడిలో మొదట దిగబడేవి, అడుసును తోసుకుంటూ ఇంజను బలం తినేవి ఇవే. వాటిని 6.50 లేదా 7.50 చేస్తే వెనక టైరు పెంచినదానికంటే ఎక్కువ ఉపయోగం కొన్ని నేలల్లో కనిపిస్తుంది, ఖర్చూ తక్కువ.

నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరు వచ్చాక ఈ మార్పులు ఇష్టమొచ్చినట్టు చేయడానికి వీల్లేదు. ముందు చక్రాలు వెనకవాటికంటే కొద్ది శాతం ఎక్కువ దూరం దొర్లేలా కంపెనీ గేర్లు కడుతుంది. అప్పుడే ముందు ఇరుసు బండిని లాగుతుంది. వెనక టైర్లు మాత్రమే పెద్దవి చేస్తే ఆ ఆధిక్యం పోతుంది, లేదా తారుమారవుతుంది. ముందు చక్రాలు లాగడం మాని ఈడ్చబడతాయి. గట్టి రోడ్డు మీద నాలుగు చక్రాల లీవరు వేసి నడిపితే ఆ తేడా ఎక్కడా జారిపోలేక గేరుపెట్టెలోనే మెలిపడుతుంది. మార్చితే ముందూ వెనకా జతగా, కంపెనీ ఇచ్చిన పట్టిక ప్రకారమే మార్చాలి.

తిరగబడే ట్రాక్టరు

ఈ విషయంలో అన్నిటికంటే బరువైనది ట్రాక్టరు తిరగబడే ప్రమాదమే, అయినా టైర్ల దుకాణంలో ఎవరూ చెప్పరు. ఇంజను వెనక ఇరుసును తిప్పుతుంది. ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం అడుసులో బిగుసుకుపోయి తిరగలేకపోతే, ఆ బలం ఎక్కడికో పోవాలి. చక్రం కదలదు కనుక ట్రాక్టరు శరీరమే ఇరుసు చుట్టూ లేస్తుంది. ముందు చక్రాలు గాల్లోకి వచ్చాక, వెనక్కి పడిపోయే స్థితికి చేరడానికి సెకను కూడా పట్టదు. దమ్ము చేస్తుండగా ట్రాక్టరు తిరగబడి డ్రైవరు దాని కింద పడిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ ప్రతి వానాకాలం వస్తుంటాయి.

పెద్ద దమ్ము చక్రం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. రబ్బరు టైరు కొంత జారి బలాన్ని వదులుతుంది. ఇనుప పట్టీలు గట్టి పొరలో దిగితే జారవు. దిగబడిన బండిని బయటికి తీయడానికి వెనక చక్రాలకు దుంగ అడ్డంగా కట్టి క్లచ్చు ఒక్కసారిగా వదిలే పాత చిట్కా మరీ ప్రాణాంతకం. దుంగ నేలను పట్టుకోగానే చక్రం పూర్తిగా ఆగిపోతుంది. రివర్సు గేరులో మెల్లగా వచ్చిన దారినే వెనక్కి తీయడం, చక్రాల వెనక మన్ను తవ్వడం, లేదా ఇంకో ట్రాక్టరుతో కింది హుక్కు నుంచి లాగించడం, ఇవే పద్ధతులు. ముందు బంపరుకు బరువు బిళ్లలు ఉంటే కొంత నిలకడ. సీటు వెనక ఇనుప చట్రం, సీటు బెల్టు మన పొలాల్లో అరుదు.

ఇసుకలో జీపు

సూర్యలంక వైపు వెళితే సమస్య తలకిందులవుతుంది. ఇసుకకు రాపిడి ఉంది, బరువుంటే పట్టు దొరుకుతుంది. కాకపోతే చక్రం దిగకుండా చూసుకోవాలి. ఇక్కడ టైరు కొనడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు: గాలి తగ్గించడం. టైరు నేల మీద పెట్టే ఒత్తిడి సుమారుగా దాని లోపలి గాలి ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. 30 పీఎస్‌ఐ పైన ఉన్నదాన్ని 15–18కి తెస్తే తాకే జాగా పొడుగ్గా సాగి బండి తేలుతుంది. తీరం దాటి రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి పట్టాలి, లేకపోతే పక్క గోడలు వేడెక్కి పగులుతాయి. మరీ తగ్గించి బిగువుగా తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడుతుంది.

ఇక టైరే మార్చితే ఏమవుతుందో ఒక లెక్క. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో కొన్ని రకాలకు 245/75 ఆర్16 టైర్లు వచ్చాయి. వ్యాసం 774 మి.మీ. యువకులు కోరుకునే 285/70 ఆర్17 వ్యాసం 831. నేల నుంచి పెరిగే ఎత్తు 28 మి.మీ. మాత్రమే. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 64 మీద ఉంటుంది. టైరు బరువు పెరిగి, అది అంచున ఉండటం వల్ల ఆపడానికి బ్రేకులకు ఎక్కువ శ్రమ; మలుపు పూర్తిగా తిప్పితే లోపలి ఫెండరుకో చాసిసుకో రాపిడి. ఆ రాపిడి తప్పించడానికి స్ప్రింగులు లేపితే బండి బరువు కేంద్రం పైకి పోతుంది. ఒక మార్పు ఇంకో మార్పును అడుగుతూనే ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇవన్నీ చేసి పెట్టే చేతులకు కొదవ లేదు.

చట్టం, రోడ్డు

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షను, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. తయారీదారు అదే మోడల్‌లో పై రకానికి ఇచ్చిన కొలత వరకు వెళ్లడం క్షేమం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట చూసేది కూడా ఈ మార్పులనే.

దమ్ము చక్రాల మీద గొడవ వేరు. ఇనుప పట్టీలతో నిండు చక్రాల ట్రాక్టరు ఒక్కసారి నడిస్తే కొత్త తారు మీద గాట్లు పడతాయి. వానకు ఆ గాట్లలో నీరు చేరి, తర్వాత గుంతలవుతాయి. అందుకే దమ్ము కాలం రాగానే రెండు రాష్ట్రాల్లోనూ పోలీసులు, రవాణా అధికారులు, గ్రామ పంచాయతీలు హెచ్చరికలు చేస్తారు, జరిమానాలు వేస్తారు. చక్రాలను ట్రక్కులో వేసుకెళ్లి పొలం గట్టున బిగించుకోవాలన్నది నియమం. బరువైన చక్రాన్ని ఇద్దరు మనుషులు, ఒక జాకీ, పెద్ద పానా పట్టుకుని బురద గట్టు మీద మార్చడం ఎంత పనో తెలిసినవాళ్లకు ఆ నియమం ఎందుకు తప్పుతుందో కూడా తెలుసు. డొంకలన్నీ తారు, సిమెంటు రోడ్లయ్యాక ఈ తగాదా పెరిగింది.

ఇప్పటి సంగతి

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఏటీసీ టైర్ల కర్మాగారం 2022 ఆగస్టులో మొదలైంది. యోకోహామా కుటుంబానికి చెందిన ఈ సంస్థ పొలాలకు, అడవులకు, గనులకు పనికొచ్చే టైర్లు చేస్తుంది. ఐఎఫ్, వీఎఫ్ అని పిలిచే కొత్త తరహా రేడియల్ టైర్లు అదే గాలి ఒత్తిడి మీద మామూలు టైరు కంటే 20 నుంచి 40 శాతం ఎక్కువ బరువు మోస్తాయి. అంటే కొలత పెంచకుండానే పెద్ద టైరు ఫలితం. ఇలాంటివి ఎక్కువగా పనిచేసేది విదేశాల పెద్ద కమతాల్లో. తెనాలి వైపు పాత తరహా నైలాన్ టైర్లదే ఇంకా రాజ్యం.

ఈలోగా దమ్మే తగ్గుతోంది. కూలి ఖర్చు, ఆలస్యంగా వచ్చే కాలువ నీరు కలిసి కృష్ణా పశ్చిమ డెల్టాలో చాలామందిని వెద పద్ధతి వైపు, పొడి దుక్కిలో నేరుగా విత్తనం చల్లడం వైపు తిప్పాయి. వరి తర్వాత మినుముకు పల్లాకు తెగులు బెడద పెరిగాక, దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేయడం అలవాటైంది. అలాంటి చేలో దమ్ము చక్రానికి పని లేదు. చక్రాల చిక్కు దమ్ము నుంచి కోతకు జరిగింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నీళ్లలో ఒరిగిపోయింది. అలాంటి చేలోకి టైర్ల మిషన్ దిగలేదు. చైన్ మిషన్ కోసం వంతు పెట్టుకోవాలి, గంటకు అడిగినంత ఇవ్వాలి.